గుండె చప్పుడు వినిపిస్తోంది, కానీ గర్భం సిజేరియన్ కుట్టులో ఉంది

పేరు రాయొద్దని కోరిన ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. ఆవిడకు 31 ఏళ్లు, నాలుగేళ్ల పాప ఉంది. అప్పట్లో నొప్పులు వచ్చినా కాన్పు ముందుకు సాగక సిజేరియన్ చేశారు. ఈసారి నెల తప్పాక ఇంట్లోనే టెస్ట్ చేసుకుంటే పాజిటివ్ వచ్చింది. కొద్ది రోజులకే గోధుమరంగు మరకలు కనిపించాయి. నొప్పి మాత్రం లేదు. దగ్గర్లోని డాక్టరు పొట్ట మీద స్కాన్ చేసి, ‘పిండం సంచి కిందికి జారింది, అబార్షన్ అవుతోంది, రేపు డి అండ్ సి (గర్భసంచిని గీకి శుభ్రం చేయడం) చేసేద్దాం’ అన్నారు. ఎందుకో మనసొప్పక ఆవిడ ఇంకోచోటికి వెళ్లారు. అక్కడ లోపలి నుంచి (యోని ద్వారా) స్కాన్ చేశారు. గర్భానికి ఆరు వారాల అయిదు రోజులు, గుండె కొట్టుకుంటోంది. కానీ అది నిలిచింది పాత సిజేరియన్ కుట్టు దగ్గర. రిపోర్టులో ‘సిజేరియన్ స్కార్ ప్రెగ్నెన్సీ’ అని రాశారు. పిండం సంచికీ మూత్రాశయానికీ మధ్య కండరం 2 మిల్లీమీటర్లే ఉందట. తీసేయడమే మంచిదని, ఇంజెక్షనా, స్కాన్‌లో చూస్తూ సక్షనా, లాప్రోస్కోపీయా ఆలోచించుకుని రెండు రోజుల్లో రమ్మని ఆ డాక్టరు చెప్పారు.

ఇంట్లో తలా ఒక మాట. ‘గుండె కొట్టుకుంటున్న బిడ్డను ఎలా తీయించుకుంటావు? మా చెల్లెలి కోడలికీ మొదట్లో కిందే ఉందన్నారు, తర్వాత అదే పైకి జరిగింది’ అంటారు అత్తగారు. ‘మొదటి డాక్టరు చెప్పినట్టు క్లీనింగ్ చేయించుకుని ఉంటే ఈపాటికి అయిపోయేది కదా’ అంటుంది ఆడపడుచు. భర్త ఏదీ తేల్చడు. ‘ఒకరు అబార్షన్ అన్నారు, ఇంకొకరు ప్రాణానికే ప్రమాదం అన్నారు. ఎవర్ని నమ్మాలి? తీయించుకుంటే పాపం చేసినట్టా? మళ్లీ పిల్లలు పుడతారా? నేను బరువులెత్తడం వల్ల ఇలా అయిందా?’ అని ఆవిడ అడుగుతున్నారు.

జవాబు:

ఈ జవాబు కోసం ఆగొద్దని, రెండో డాక్టరు చెప్పిన గడువు దాటనివ్వొద్దని మీ ఉత్తరం అందిన రోజే విడిగా చెప్పాను. అప్పుడు చెప్పలేకపోయిన వివరాలన్నీ ఇక్కడ రాస్తున్నాను. మీలాంటి రిపోర్టు చేతిలో పట్టుకుని ఇంకెవరైనా ఉంటే వాళ్లకూ ఉపయోగపడతాయి.

ముందు చివరి ప్రశ్న. బరువులెత్తడం వల్ల కాదు. మెట్లెక్కడం వల్లా, ప్రయాణం వల్లా కూడా కాదు. సిజేరియన్‌లో గర్భసంచిని కోసిన చోట గాయం మానేటప్పుడు కొందరిలో కండరం పూర్తిగా అతుక్కోదు, లోపలివైపు చిన్న గుంట మిగులుతుంది. ఫలదీకరణ చెందిన అండం గర్భసంచి పైభాగంలో కుదురుకోకుండా ఆ గుంటలో నాటుకుంటే అదే స్కార్ ప్రెగ్నెన్సీ. దాదాపు 2000 గర్భాల్లో ఒకటి ఇలా అవుతుందని అంచనా. ఇలాంటి కేసు గురించి వైద్య పత్రికల్లో మొదట వచ్చింది 1978లో. సిజేరియన్లు పెరిగేకొద్దీ, స్కాన్లు మెరుగుపడేకొద్దీ ఇప్పుడు ఎక్కువగా బయటపడుతున్నాయి. ఎన్నో ఆపరేషన్లు అయినవాళ్లకే వస్తుందనుకోకండి, ఒక్క సిజేరియన్ తర్వాత కూడా వస్తుంది. పడక మీద ఎంత జాగ్రత్తగా ఉన్నా మీరు దీన్ని ఆపగలిగేవారు కాదు.

ఇక ఎవర్ని నమ్మాలన్న సంగతి. నేను గైనకాలజిస్టునే అయినా మీ స్కాన్ నా కళ్లతో చూడలేదు. కానీ మీరు రాసినదాన్ని బట్టి రెండో డాక్టరు మాటకే బరువు ఎక్కువ. ఆరో వారంలో పొట్ట మీద నుంచి చేసే స్కాన్‌లో, సంచి గర్భసంచి కింది భాగంలో ఉందన్నంతవరకే తెలుస్తుంది. అలా కనబడటానికి మూడు కారణాలు ఉండొచ్చు. అబార్షన్ అవుతూ సంచి బయటికి వస్తుండొచ్చు, గర్భం గర్భాశయ ముఖద్వారంలోనే నాటుకుని ఉండొచ్చు, లేదా పాత కుట్టులో నిలిచి ఉండొచ్చు. మూడింటికీ మరకలు కనిపిస్తాయి. మూడింటి వైద్యం వేరు.

వీటిని విడదీసేది లోపలి నుంచి చేసే స్కానే. అందులో డాక్టరు వరసగా కొన్ని గమనిస్తారు. గర్భసంచి పైభాగం ఖాళీగా ఉందా? ముఖద్వారం మూసుకుని, ఖాళీగా ఉందా? సంచి ముందువైపు, సరిగ్గా కుట్టు ఉండే చోట, మూత్రాశయాన్ని ఆనుకుని ఉందా? దాని చుట్టూ రక్తం జోరుగా పారుతోందా? ఈ చివరిది కలర్ డాప్లర్‌లో ఎరుపు, నీలం రంగుల వలయంలా తెర మీద వెలుగుతుంది. అబార్షన్ అయిపోతున్న సంచికి ఆ వలయం ఉండదు, దాదాపు ఎప్పుడూ గుండె చప్పుడు కూడా ఉండదు. స్కాన్ చేసే పరికరంతో మెల్లగా నొక్కితే ఆ సంచి జరుగుతుంది కూడా. నాటుకున్న సంచి కదలదు. మీ రిపోర్టులో గుండె చప్పుడు ఉంది, కండరం మందం కొలిచి రాశారు. అంటే చూడాల్సినవి చూశారన్నమాట.

అయినా మనసు కుదుటపడకపోతే స్కార్ ప్రెగ్నెన్సీలు చూసిన అనుభవం ఉన్నవారి దగ్గర ఇంకొక్కసారి స్కాన్ చేయించుకోండి. తప్పు లేదు. అయితే ఒకటి రెండు రోజుల్లో జరిగిపోవాలి. ఎం.ఆర్.ఐ. అందరికీ అక్కర్లేదు, స్కాన్‌లో స్పష్టత రానప్పుడే.

మొదటి డాక్టరు మీద కోపం వస్తుందేమో. పొట్ట మీది స్కాన్‌లో ఈ పొరపాటు చాలాచోట్ల జరుగుతుంది, కాబట్టి ఆయన్ని దోషిని చేయను. కానీ ఆడపడుచుగారి మాటకు మాత్రం గట్టిగానే బదులు చెప్పాలి. ఆ ‘క్లీనింగ్’ జరగకపోవడం మీ అదృష్టం. మామూలు గర్భం బయటికొచ్చాక గర్భసంచి పైభాగంలోని కండరం తడిబట్టను పిండినట్టు బిగుసుకుని, తెరుచుకున్న రక్తనాళాలను నొక్కేస్తుంది. రక్తం ఆగేది అందుకే. కుట్టు దగ్గర ఉన్నది అలాంటి కండరం కాదు, మచ్చ కట్టిన కణజాలం. అది బిగుసుకోలేదు. అక్కడ తెర మీద ఏమీ చూడకుండా పరికరంతో గీకితే సంచి మొత్తం రాకపోవచ్చు, 2 మిల్లీమీటర్ల గోడకు రంధ్రం పడొచ్చు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆగని రక్తస్రావం మొదలవ్వొచ్చు. అంత చిన్న ప్రొసీజర్‌కు వెళ్లి గర్భసంచినే తీసేయాల్సి వచ్చినవాళ్లున్నారు.

అత్తగారి మాట దగ్గరికి వద్దాం. ఆవిడ చెప్పింది అబద్ధం కాకపోవచ్చు. మాయ కిందికి ఉందని నాలుగో నెలలోనో అయిదో నెలలోనో చెప్పినవాళ్లలో చాలామందికి, గర్భసంచి కింది భాగం సాగేకొద్దీ మాయ పైకి జరిగినట్టు కనిపిస్తుంది. ఆ కోడలిది అలాంటిదే అయ్యుండాలి. మీ సంగతి వేరు. కుట్టులో నాటుకున్న గర్భం పెరిగేకొద్దీ సంచి గర్భసంచి లోపలికి సాగుతుంది. తొమ్మిది, పది వారాల్లో స్కాన్ చేస్తే ‘ఇప్పుడు సరైన చోటే ఉందే’ అనిపించేలా కూడా ఉంటుంది. సాగింది సంచి మాత్రమే. మాయ వేళ్లూనింది ఇంకా ఆ మచ్చలోనే. అందుకే, ‘ఇంకో మూడు వారాలు ఆగి చూద్దాం, పైకి జరిగితే ఉంచుకుందాం’ అన్న ఆలోచన మిమ్మల్ని మోసం చేస్తుంది. ఆ మూడు వారాల్లో స్కాన్ బాగుపడినట్టు కనిపిస్తుంది, లోపల ప్రమాదం పెరుగుతుంది. అక్కడి నుంచి తీసి పైన పెట్టే వైద్యం ఏదీ లేదని కూడా ఆవిడకు చెప్పండి. పెద్దవాళ్లు చాలామంది ఆ ఆశతోనే అడుగుతారు.

మరి కొనసాగించడం అసలే సాధ్యం కాదా అంటే, అలా చెప్పడం నిజాయితీ కాదు. కొనసాగించి బిడ్డను ఎత్తుకున్న తల్లులు ఉన్నారు. వాళ్లు దాటిన దారి ఎలాంటిదో తెలిసే ఎంచుకోవాలి. మాయ మచ్చలోంచి గర్భసంచి గోడలోకి, కొన్నిసార్లు మూత్రాశయం దాకా చొచ్చుకుపోతుంది. దాన్ని ప్లాసెంటా అక్రీటా అంటారు. కాన్పప్పుడు అది ఊడిరాదు. చాలాసార్లు బిడ్డను తీసిన వెంటనే గర్భసంచినీ తీసేయాల్సి వస్తుంది, బోలెడంత రక్తం ఎక్కించాలి. అంతదాకా వెళ్లకుండానే నాలుగో నెలలోనో అయిదో నెలలోనో గర్భసంచి చిట్లే ముప్పుంది. అప్పటికి బిడ్డ బతికే వయసు రాదు, తల్లి ప్రాణం మీదికి వస్తుంది. మీలా కండరం 2 మిల్లీమీటర్లే మిగిలి, సంచి గుంట లోపల కూర్చున్నప్పుడు ఈ ముప్పు ఇంకా ఎక్కువ.

ఇలాంటి గర్భాల మీద పనిచేసే అమెరికాలోని సొసైటీ ఫర్ మెటర్నల్-ఫీటల్ మెడిసిన్ కూడా 2022 నాటి సూచనల్లో కొనసాగించవద్దనే చెబుతోంది. అన్నీ తెలిసీ కొనసాగిస్తామన్నవాళ్లకు 34 వారాలు నిండాక, 36 వారాల్లోపు సిజేరియన్ చేయాలని అదే సంస్థ అంటోంది. మీరు ఆ దారే ఎంచుకుంటే అక్రీటా కాన్పులు చేసే పెద్ద ఆసుపత్రిలో ఇప్పటి నుంచే చేరి ఉండాలి. దానికి దగ్గర్లో నివాసం, రక్తం సిద్ధం, మళ్లీ గర్భం రాకపోవచ్చన్న అంగీకారం, నెలలు నిండని బిడ్డకు ఎన్.ఐ.సి.యు. (పసికందుల ఇంటెన్సివ్ కేర్).. ఇవన్నీ ఆ నిర్ణయంలో భాగమే. ‘సరే, చూద్దాం’ అంటూ ఇంట్లో ఉండిపోవడం దాని కిందికి రాదు. నా దృష్టిలో ఉన్నవాటిలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది అదే.

తీయించుకోవడమే అనుకుంటే, డాక్టరు చెప్పిన మూడింటినీ విడివిడిగా చూద్దాం.

ఇంజెక్షన్ అంటే మెథోట్రెక్సేట్, గర్భం పెరగకుండా ఆపే మందు. దీన్ని రెండు రకాలుగా ఇస్తారు, మీకు ఏది అంటున్నారో అడగండి, ఎందుకంటే తేడా చాలా ఉంది. ట్యూబులో వచ్చిన గర్భానికి ఇచ్చినట్టు మామూలు ఇంజెక్షన్‌లా ఒంటి కండరానికి మాత్రమే ఇస్తే స్కార్ ప్రెగ్నెన్సీలో నమ్మకంగా పనిచేయదు. గుండె కొట్టుకుంటున్నప్పుడు మరీను. అందుకే అదొక్కటే ఇచ్చి ఊరుకోవద్దన్నది ఇప్పటి సూచన. రెండోది, స్కాన్‌లో చూస్తూ సన్నని సూదితో నేరుగా సంచిలోకే ఇవ్వడం. ఇది మెరుగైన పద్ధతి. కోత ఉండదు, అయితే ఓపిక కావాలి. బీటా హెచ్‌సీజీ (గర్భం ఉన్నప్పుడు రక్తంలో పెరిగే హార్మోను) సున్నాకు దగ్గరపడే వరకు వారం వారం రక్తపరీక్ష చేయించుకోవాలి. అది తగ్గడానికి వారాలు పడుతుంది. స్కాన్‌లో కుట్టు దగ్గర గడ్డలాంటిది నెలల తరబడి కనిపిస్తూనే ఉంటుంది. దాన్ని చూసి మందు పనిచేయలేదని హడలిపోతారు, కానీ అది మెల్లగా కరగాల్సిందే. ఈ మధ్యలో ఉన్నట్టుండి రక్తస్రావం మొదలై సక్షనో ఆపరేషనో చేయాల్సి రావచ్చు. కాబట్టి రాత్రి రెండింటికైనా ఆసుపత్రికి చేరుకోగలిగినవాళ్లకే ఇది నప్పుతుంది.

ఇంజెక్షన్‌కు ముందు లివరు, కిడ్నీ, రక్తకణాల పరీక్షలు చేస్తారు. గర్భం కోసమని మీరు వేసుకుంటున్న ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఆపేయాలి, అవి ఈ మందుకు విరుగుడు. చాలామంది ఈ సంగతి మరిచిపోయి రోజూ మింగుతూనే ఉంటారు. ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలూ వద్దు. ఆ తర్వాత కనీసం మూడు నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి.

స్కాన్‌లో చూస్తూ సక్షన్ చేస్తే పని ఒక పూటలో అయిపోతుంది, హెచ్‌సీజీ త్వరగా పడిపోతుంది. మీరు వద్దనుకున్న డి అండ్ సికీ దీనికీ పేరులో దగ్గరితనం ఉన్నా పద్ధతి వేరు. ఇక్కడ గీకరు. పైనుంచి స్కాన్ కనిపిస్తుండగా గొట్టంతో లాగేస్తారు. రక్తం కారితే ఆ చోటును లోపలి నుంచి నొక్కిపట్టడానికి చిన్న బెలూన్ సిద్ధంగా ఉంటుంది. సంచి గర్భసంచి లోపలివైపు పెరుగుతూ, వెనక కండరం కాస్త మందంగా ఉన్నవాళ్లకు ఇది బాగా కుదురుతుంది.

కండరం మరీ పల్చగా ఉండి, సంచి మూత్రాశయంవైపు ఉబ్బినప్పుడు లాప్రోస్కోపీ వైపు మొగ్గుతారు. పొట్ట మీద చిన్న రంధ్రాల ద్వారా గర్భాన్ని తీసి, పాత గుంటను కూడా కోసి కొత్తగా కుడతారు. పెద్ద ఆపరేషనే, మత్తు ఇస్తారు, మూత్రాశయానికి దెబ్బ తగిలే అవకాశం కొంత ఉంటుంది, తర్వాతి కాన్పు సిజేరియనే. బదులుగా మచ్చ మరమ్మతవుతుంది. అలాగని మళ్లీ ఎప్పుడూ అక్కడ గర్భం నిలవదన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. గర్భసంచికి రక్తం తెచ్చే ధమనులను లోపలి నుంచి తాత్కాలికంగా మూసే ఎంబోలైజేషన్ గురించి కూడా మీరు వినొచ్చు. అది రక్తస్రావాన్ని అదుపు చేయడానికి తోడుగా వాడేది. ఇంకో బిడ్డ కావాలనుకునేవాళ్లు దాని గురించి విడిగా అడిగి తెలుసుకోవాలి.

మీ 2 మిల్లీమీటర్ల కొలతను బట్టి చూస్తే సక్షనా, లాప్రోస్కోపీయా అన్న దగ్గరే అసలు చర్చ జరగాలి. దాన్ని తేల్చేది సంచి ఏ వైపుకు ఉబ్బిందన్నది. డాక్టరుని ఆ ఒక్క మాట సూటిగా అడగండి. ఆ ఆసుపత్రిలో ఇలాంటి కేసులు ఇంతకుముందు చేశారా, రక్తం సిద్ధంగా ఉంటుందా, సక్షన్ మధ్యలో అవసరమైతే వెంటనే ఆపరేషన్ చేసే సర్జను అక్కడే ఉంటారా అనీ అడగండి. ఈ మూడింటికీ అవునన్న ఆసుపత్రి, మీకు పరిచయమున్న డాక్టరు కన్నా మేలు. మీ రక్తం గ్రూపు నెగెటివ్ అయితే యాంటీ-డి ఇంజెక్షన్ గురించి గుర్తు చేయండి.

ఈలోగా గంటకో ప్యాడ్ తడిసిపోయేంత రక్తం పోయినా, పొత్తికడుపులో గట్టి నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా ఏ దగ్గరి క్లినిక్కో కాకుండా ఆపరేషన్ థియేటరు, రక్తం ఉన్నచోటికి వెళ్లండి. అడుగుపెట్టగానే చెప్పాల్సిన మొదటి మాట ‘నాకు స్కార్ ప్రెగ్నెన్సీ’ అని. లేకపోతే ఎమర్జెన్సీలో వాళ్లూ అబార్షన్ అనుకుని అదే డి అండ్ సికి సిద్ధం చేయొచ్చు. రిపోర్టు ఫొటో మీ ఫోన్‌లోనూ, మీవారి ఫోన్‌లోనూ ఉంచండి.

పాపమా అన్నారు. మీ నమ్మకాల మీద తీర్పు చెప్పే అధికారం నాకు లేదు, వైద్యం చెప్పగలిగింది మాత్రం చెబుతాను. గుండె చప్పుడు ఉందంటే పిండం బతికి ఉందని అర్థం. అది ఉన్నచోటు దాన్ని నెలలు నిండేదాకా మోయగలదని దానర్థం కాదు. ఈ రెండూ వేరని ఇంట్లో ఎవరూ విడదీసి చూడటం లేదు, అందుకే ప్రశ్న ‘బిడ్డా, నువ్వా’ అన్నట్టు మీ ముందు నిలబడింది. మీ ఇంట్లో అమ్మ కోసం చూసే నాలుగేళ్ల పాప ఒకరున్నారన్నది కూడా ఎవరూ ఎత్తడం లేదు. నేనైతే మీవారిని, కుదిరితే అత్తగారిని కూడా తర్వాతి అపాయింట్‌మెంట్‌కు తీసుకెళ్లమంటాను. డాక్టరుని తెర చూపించి, ఇదిగో మూత్రాశయం, ఇదిగో సంచి, మధ్యలో ఉన్నది ఇంతే అని వేలితో చూపమనండి. ఇంట్లో ఎంత వాదించినా అర్థం కానిది ఆ సన్నటి గీత చూస్తే అర్థమవుతుంది. మీవారు మాట్లాడకపోవడం మీ నిర్ణయాన్ని వ్యతిరేకించడం కాకపోవచ్చు, భయమూ కావచ్చు. కానీ ఆయన నోరు విప్పేదాకా ఆగే వ్యవధి మీకు లేదు, ఆ మాట ఆయనకు సూటిగానే చెప్పండి. సంతకం పెట్టేది మీరు, ఒళ్లు మీది, నిర్ణయమూ మీదే.

తీయించుకున్నాక ఏడుపొస్తే ఆపుకోనక్కర్లేదు. అది తప్పు చేశామన్న దానికి రుజువు కాదు. వారాలు గడిచినా నిద్ర పట్టక, పాపతో కూడా మాట్లాడబుద్ధి కాకపోతే కౌన్సెలర్‌ని కలవండి.

మళ్లీ పిల్లలు పుడతారా అంటే, గర్భసంచి నిలిచినవాళ్లలో చాలామందికి తర్వాత మామూలుగా గర్భం నిలిచి, బిడ్డలు పుట్టారు. మళ్లీ కుట్టులోనే నిలిచే ముప్పు మాత్రం మిగతావాళ్లకన్నా మీకు ఎక్కువ. అందుకని ఎన్ని నెలలు ఆగాలో చేసిన చికిత్సను బట్టి డాక్టరు చెబుతారు, అంతవరకు గర్భనిరోధక పద్ధతి వదలొద్దు. ఆ గడువులో ఒకసారి గుంట ఎంత లోతుందో, కండరం ఎంత మిగిలిందో స్కాన్‌లో చూపించుకోవచ్చు. ఇక మళ్లీ ఎప్పుడైనా నెల తప్పితే మూడో నెల స్కాన్ దాకా ఆగకండి. ఆరో వారంలోనే లోపలి నుంచి స్కాన్ చేయించుకోండి. సరైన చోట ఉంటే ఆ రోజే టెన్షన్ తీరిపోతుంది, లేకపోతే ఇప్పటికన్నా ముందే పట్టుకున్నవాళ్లవుతారు. ఒక బిడ్డ చాలనుకున్నా అదీ సరైన నిర్ణయమే, దానికి ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు.

మరొక చిన్న విషయం. చికిత్స తర్వాత చేయించే హెచ్‌సీజీ పరీక్షలన్నీ ఒకే ల్యాబ్‌లో చేయించుకోండి. ల్యాబ్ మారితే అంకె కాస్త అటూ ఇటూ అవుతుంది, తగ్గాల్సింది పెరిగిందేమోనని అనవసరంగా భయపడతారు. రిపోర్టులన్నీ తారీఖుల వరసలో ఒక ఫైల్లో పెట్టి, ఆపరేషన్ నోట్ కాపీ అడిగి తీసుకుని అందులోనే ఉంచండి. తర్వాతి గర్భం చూసే డాక్టరు మొదట అడిగేది అదే.